అతుకు లేని చెట్టు

2025 ఫిబ్రవరి 9

ప్రమోద రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట మీద 'మన తోట చరిత్ర' అని తనే రాసింది. కింద రెండు గీతలు కూడా గీసింది, చరిత్ర జారిపోకుండా కాబోలు. తోటల చదువు చదివి, బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, అది రుచించక మళ్ళీ చింతామణి చేరిన మనవరాలు. ఆమెకు నా మీద ఉన్నంత నమ్మకం నాకు ఎవరి మీదా లేదు. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

ఆ నోటుబుక్కు అలమరలో పెట్టాను. ఇది రాస్తున్నది ఎరువుల అంగడివాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీలో. ప్రతి పేజీ పైనా ఒక సలహా ఉంటుంది. ఈ పేజీ వేరుశనగకు జిప్సం వేయమంటోంది. నాకు వేరుశనగ లేదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి దీనిలో రాయడం సులువు.

సంగతి ఏమిటంటే, మా 'తాతంటు' మామిడి పేరు పెట్టి ఎవరో నర్సరీవాళ్ళు ఏవో మొక్కలు అమ్ముతున్నారు. కొన్నవాళ్ళు కాయ పుల్లగా ఉందని ప్రమోదకు ఫోన్లు చేస్తున్నారు. ఆ రకం మాదేనని రైతు పేరున ఢిల్లీలో నమోదు చేయించుకుంటే ఆ బాధ ఉండదట. అర్జీలో ఒక గడి ఉంది. ఈ చెట్టు ఎక్కడిది, ఎవరు చేశారు, ఎలా చేశారు అని.

"నువ్వు చెప్పే కథే గదా తాతా. అదే రాసియ్యి. జూన్ ఆఖరికి అర్జీ పోవల్ల" అంది.

యాభై ఏళ్ళ పైగా చెబుతున్న కథ. పెళ్ళిళ్ళలో చెప్పాను. బస్టాండులో చెప్పాను. పన్ను పీకించుకోవడానికి పోయి, నోరు తెరిపించేలోపు డాక్టరుకు సగం చెప్పాను. రాయడం ఎంతసేపు.

ఫిబ్రవరి 10

రాయలేదు. నడుము నొప్పి.

ఫిబ్రవరి 13

రాయలేదు.

ఫిబ్రవరి 16

సరే, ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను. బాగుంటే దానిలోకి ఎత్తుతాను.

మా ముత్తాత బావి తవ్వించాడు. పద్దెనిమిది అడుగులకు రాయి పడింది. రాయి పగిలే లోపల ఆయన పెద్దకొడుక్కు పెళ్ళయి బిడ్డ కూడా పుట్టిందట. నీళ్ళు తోడే కపిలి ఎద్దులకు నీడ కావాలని బావి గట్టున ఒక మామిడి నాటాడు. దానికి కపిలి చెట్టనే పేరు. మనుషులకు నీడ ఉండాలని ఆయనకు తోచలేదు. ఆ రోజుల్లో ఎద్దు ఖరీదైనది.

ఆయన కొడుకు మునికృష్ణప్ప తాత. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మూడు తాలూకాల్లో అంటు కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. బండి పంపించి పిలుచుకు పోయేవాళ్ళు. కపిలి చెట్టు ముసలిదై ఎండిపోతుంటే, ఇంకా పచ్చగా ఉన్న ఒక్క కొమ్మ కింద మంచె కట్టి, పదకొండు కుండల్లో గింజ మొక్కలు పెట్టి, ఒక్కొక్క రెమ్మకు ఒక్కొక్క మొక్క కట్టాడు. పదకొండింటిలో మూడు బతికాయి. మూడింటిలో ఒకటి నిలిచింది. అప్పటికి తాత మంచం మీద ఉన్నాడు. మంచంతో సహా తోటలోకి మోసుకుపోతే, ఆకును చేత్తో తాకి "అంటుకుందిరా" అని కన్ను మూశాడు. కపిలి చెట్టు ఆ ఏడే కూలిపోయింది. తాత చేతి అంటు ఆరేళ్ళకు కాసింది. దాని నుంచే మా నాన్న, నేను, నాలుగు వందల చెట్లు కట్టాం. అందుకే అది తాతంటు.

ఆకును తాకే దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. సోమేనహళ్ళి పెళ్ళిలో ఒకామె ఆ చోటు మళ్ళీ చెప్పించుకుని, నా ఆకులో ఇంకో పూర్ణం ఓళిగ వేయించింది.

బాగుంది. బాగుందనే ఇన్నాళ్ళూ చెప్పాను. నోటుబుక్కులోకి రేపు ఎత్తుతాను.

మార్చి 2

ఎత్తలేదు.

అర్జీ ఇంగ్లీషులో ఉంది. నా ఇంగ్లీషు అంతా పురుగుమందు సీసాల చుట్టూ ఉండే కాగితాల నుంచి నేర్చుకున్నది. అందుకే నాకు వచ్చిన మాటలన్నీ హెచ్చరికలే. కంటికి తగలనీయరాదు, పిల్లలకు అందనీయరాదు, తిన్నచో వెంటనే వాంతి చేయించవలెను. ఎనిమిదో తరగతితో బడి మానినవాడికి అంత చదువు చాలు. అర్జీలో ఆ మాటలేవీ కనబడలేదు. ఆఖరున మాత్రం ఒకటి నాకు తెలిసిన ధోరణిలో ఉంది. పైన రాసినదంతా నిజమని సంతకం చేయవలెను.

మార్చి 18

అర్జీ కోసం చెట్టును చూడటానికి శాస్త్రవేత్త వచ్చాడు. నాగరాజ్ అని, నలభై ఏళ్ళుంటాయి, మర్యాద కలవాడు. కాఫీ తాగి నేరుగా చెట్టు దగ్గరికి పోయాడు. నేను కథ మొదలుపెట్టాను. ఆయన వింటూనే చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. బెరడు తట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోశాడు.

"అప్పా, అతుకు యాడ?" అన్నాడు.

అంటు కట్టిన చెట్టుకు ఎంత వయసు వచ్చినా మొదట్లో ఒక కట్టు కనబడుతుంది. కింది మొక్క బెరడు ఒక తీరు, పై రెమ్మ బెరడు ఒక తీరు. రెండూ కలిసిన చోట వడ్డాణం పెట్టినట్టు ఉబ్బుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. మా చెట్టు భూమి నుంచి కొమ్మ దాకా ఒకే బెరడు.

మట్టి పెరిగి పూడిపోయి ఉంటుందన్నాను. గడ్డపార తెప్పించి అడుగున్నర తవ్వించాడు. వేళ్ళు కనబడ్డాయి. అతుకు కనబడలేదు.

"ఇది గింజ చెట్టు మాదిరి ఉండాదప్పా" అన్నాడు.

మా తాత చేతిపని అంత సన్నం, అతుకు పెట్టినవాడికే కనబడేది కాదు అన్నాను. బాగా చెప్పాను. నాగరాజ్ నవ్వాడు. ప్రమోద నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది, 'తాతగారిది సన్నని చేతిపని' అని. అది చూసి నాకు నీళ్ళు తాగాలనిపించింది.

కాయ చూడటానికి జూన్‌లో మళ్ళీ వస్తానన్నాడు. ఆ లోపల, అంటు కట్టినప్పుడు చూసినవాళ్ళు ఇంకెవరైనా బతికి ఉంటే వాళ్ళ మాట కూడా కావాలన్నాడు.

"మిట్టేమరి అవ్వ ఉండాది గదా" అంది ప్రమోద.

మునిరత్నమ్మ. మా అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కకు ఎనభై నిండాయి, ఇప్పుడేమీ జ్ఞాపకం లేదు అని చెప్పాను. అక్కకు ఏ సంవత్సరంలో ఏ కోడి ఏ గంపలో గుడ్డు పెట్టిందో కూడా జ్ఞాపకమే.

మార్చి 20

పొద్దున ఎవరూ లేనప్పుడు కొడవలి తీసుకుని పోయి, చెట్టు మొదట్లో భూమికి జానెడు ఎత్తున, చుట్టూ ఒక గాటు పెట్టాను. లోతుగా కాదు. పాత అతుకులాగా కనబడితే చాలు. డెబ్భై ఆరేళ్ళు నాకు.

మార్చి 21

గాటు నుంచి జిగురు కారింది. ప్రమోద చూసి పరుగెత్తుకొచ్చింది. కాండం తొలిచే పురుగు పడిందని చెట్టంతా వెతికింది. మైలుతుత్తం, సున్నం కలిపి ముద్ద చేసి, మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ పూసింది. నన్ను డబ్బా పట్టుకోమంది.

పట్టుకున్నాను. నేను చేసిన గాయానికి ఆ పిల్ల మందు పూసింది. డబ్బా బరువుగా ఉందా తాతా అని కూడా అడిగింది.

మార్చి 24

పురుగు కోసం ఇంకా వెతుకుతోంది.

ఏప్రిల్ 6

సాయంత్రం వడగళ్ళు. తాతంటులో మూడో వంతు పిందె నేల మీద. ఏరి ఊరగాయకు వేశాం. అలసటగా ఉంది. పని చేసినందుకు కాదు.

ఏప్రిల్ 14

ఎవరూ చదవరు కదా.

1963. నాకు పద్నాలుగేళ్ళు. తాత కాళ్ళు వాచి మంచం పట్టాడు. అంట్లు మాత్రం ఆయనే కట్టాడు, మంచె మీద కూర్చోబెడితే. ఆ కుండల్లోని గింజలు అక్కవి. ముందటి ఏడు అక్కకు పెళ్ళిచూపులని మిట్టేమరి వాళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళ పొలం గట్టు మీది చెట్టు పళ్ళు ఒక గంపెడు తెచ్చారు. తిన్నాక అక్క టెంకలన్నీ కడిగి, ఎండబెట్టి, కుండల్లో పెట్టి, ఏడాది పాటు నీళ్ళు పోసింది. అది కథలో ఎన్నడూ చెప్పలేదు. కథకు అవసరం లేదనుకున్నాను.

మూడు అంట్లు నేలలో నాటాక తాత నాకు ఒక్క పని చెప్పాడు. రోజూ పొద్దున అతుకు కింద చూడు. చిగురు వస్తే బొటనవేలితో గిల్లెయ్యి. కింది చిగురు దొంగ, పైదానికి పోవలసిన రసమంతా అదే తాగేస్తుంది అని.

అప్పుడే చింతామణిలో సర్కస్ దిగింది. వాళ్ళ దగ్గర ఒక ఒంటె ఉండేది. దాన్ని చూసి నేను... ఒంటె సంగతి ఇప్పుడు వద్దు. పన్నెండు రోజులు తోటకు పోలేదు. రోజూ పాలు పట్టుకుపోయినప్పుడు గిల్లాను తాతా అని మాత్రం చెప్పాను.

పదమూడో రోజు పోతే రెండు పూర్తిగా చచ్చాయి. మూడో దానికి పై రెమ్మ ఆకులు వక్క రంగుకు తిరిగి వేలాడుతున్నాయి. అతుకు కింద ఎర్రటి చిగురు, జానెడు పొడుగు, నిగనిగలాడుతూ ఉంది.

చెప్పలేదు. చచ్చిన రెమ్మను అతుకు దగ్గర కోసేశాను. కింది చిగురును పుల్లకు కట్టి నిలబెట్టాను. తాత చుట్టిన అరటినారనే మళ్ళీ దానికి చుట్టి, పేడా ఎర్రమన్నూ మెత్తాను. చూసేవాళ్ళకు అంటు మొక్కలాగే ఉంది.

వారానికి తాతను మంచం మీద మోసుకొచ్చారు. అక్క నీళ్ళ బిందెతో అక్కడే నిలబడి ఉంది. తాత "అంటుకుందా?" అన్నాడు. అంటుకుంది తాతా అన్నాను. ఆయన సగం ఆకు తుంచి గుప్పిట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి "నీళ్ళు పొయ్యి" అన్నాడు.

అంతే అన్నాడు. 'అంటుకుందిరా' అన్నది ఆయన కాదు. అది నేను తర్వాత చేర్చాను. కన్ను మూయడం కూడా నేను చేర్చిందే. తాత ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు.

ఏప్రిల్ 15

నిన్న రాసింది చించేద్దామనుకున్నాను. దాని వెనక పేజీలో టమేటా ఆకుముడత మందుల జాబితా ఉంది. పనికొస్తుందని ఉంచాను.

ఏప్రిల్ 27

అది ఆరేళ్ళకు కాసింది. కాయ కోసి తిన్నవాళ్ళు టెంక కూడా వదల్లేదు. కపిలి చెట్టు కాయ మంచిదే గానీ ఇంత మంచిది కాదు. తాత అంటు కాబట్టి ఇంకా బాగైందన్నాడు మా నాన్న. నేను అవునన్నాను. అప్పుడు చెప్పవలసింది. ఇరవై ఏళ్ళు నాకు, చెప్పడానికి సిగ్గుపడే వయసే. తర్వాత నాన్న నాలుగు ఎకరాలు కట్టాడు. తర్వాత నేను. నాలుగు వందల చెట్లయ్యాక చెప్పడానికి ఏం మిగులుతుంది.

ఆడబిడ్డలకూ భాగం ఉందని చట్టం వచ్చిన ఏడు, తొంభై నాలుగులో, అక్క దగ్గరికి కాగితం పట్టుకుపోయాను. తోటలో తనకు హక్కు లేదని రాసియ్యమని. తాత చెట్టు, తాత తోట, ముక్కలు చేస్తే ఆయన ప్రాణం ఏమవుతుంది అన్నాను. అక్క నా ముఖం వైపు చాలాసేపు చూసింది. సంతకం పెట్టింది. ఒక్కటే అడిగింది. ఆ చెట్టు తొలి కోతలో ఒక గంప ఏటా తనకు రావాలి, నేనే మోసుకుని రావాలి అని.

ఇరవై ఏళ్ళ పైగా మోశాను. తర్వాత నడుము నొప్పి. తొమ్మిదేళ్ళుగా మా పళ్ళు మండీకి తోలే లోకేశ్ వ్యానులో పంపిస్తున్నాను. నడుము నొప్పి నిజమే.

మే 11

తానే మిట్టేమరి పోయి అవ్వ చెప్పేది ఫోనులో రికార్డు చేసుకొస్తానంది ప్రమోద. వచ్చే మంగళవారం అంది. నేను పోతాను, తొలి గంప కూడా ఇచ్చినట్టుంటుంది అన్నాను.

"నీకు నడుము నొప్పి గదా తాతా."

తగ్గిందన్నాను. ఆ అబద్ధం చెప్పడం మాత్రం సులువుగానే ఉంది.

మే 18

తొలి కోత. చిక్కం కట్టిన గడతో నేనే కోశాను. సొన కారేదాకా కాయల్ని బోర్లించి, గడ్డి పరిచి గంపలో పేర్చాను. మైలుతుత్తం పూసిన చోట చెట్టు మొదలంతా నీలంగా ఉంది. అటు చూడకుండా కోయడం నేర్చుకున్నాను.

మే 20

పొద్దున పోయి సాయంత్రం వచ్చాను. రాయాలి. రాసి పడుకుంటాను.

చింతామణిలో బస్సు ఎక్కితే బాగేపల్లిలో దిగాలి, అక్కడ ఇంకో బస్సు. గంపను ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న మనిషి వాసన చూసి ఇది తాతంటు మామిడే కదా, దాని కథేదో ఉందంట కదా అన్నాడు. నిద్ర వచ్చినట్టు కళ్ళు మూసుకున్నాను. ఒకరు అడిగినా నేను చెప్పకపోవడం జీవితంలో ఇదే మొదటిసారి.

అక్క వసారాలో ఉలవలు చెరుగుతోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో దానికి వద్దంది. ఆ ఒక్క కంటితోనే గంపను, నన్ను చూసింది.

"నువ్వే వచ్చినావే. వ్యాను ఎవరన్నా ఎత్తుకపోయినారా?"

ఒక కాయ తీసి తొడిమ దగ్గర వాసన చూసి పక్కన పెట్టుకుంది. నేను కూర్చున్నాను. బోరులో నీళ్ళు తగ్గిన సంగతి చెప్పాను. వడగళ్ళ సంగతి చెప్పాను. ప్రమోద, అర్జీ, నర్సరీవాళ్ళు, నాగరాజ్, గడ్డపార, నా నడుము, బస్సులో రద్దీ. కోడలు కాఫీ ఇచ్చిపోయింది. మళ్ళీ బోరు దగ్గరికి వచ్చాను.

"అంజప్పా, కపిలి ఎద్దు మాదిరి ముందుకూ ఎనక్కీ తిరుగుతాండావు. నీళ్ళు మాత్రం ఒక చుక్క పడలేదు" అంది.

అప్పుడు చెప్పాను.

"అక్కా, ఆ చెట్టు తాత అంటు కాదు. తాత అంటు చచ్చిపోయింది. నేనే చంపినా. అది నీ గింజ."

అక్క చెరగడం ఆపింది. చేట కింద పెట్టి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. ఏదో అంటుందని నేను చూస్తున్నాను.

"అరవై రెండేండ్లు. తాత నాలుగు దినాలు అనుకున్న్యాడు" అంది.

నాకు అర్థం కాలేదు. అక్క చెప్పింది. ఆ రోజు మంచం ఇంటికి చేర్చాక తాత అక్కను పిలిచి గుప్పిట తెరిచాడట. నలిగిన ఆకు. కపిలి చెట్టు ఆకు నలిపితే కర్పూరం వాసన. దీనికి పచ్చి పసుపు వాసన. నలభై ఏళ్ళు అంట్లు కట్టిన మనిషి, ఆకు వాసన తెలియదా.

"ఇది నీ గింజే కదమ్మా అన్న్యాడు. అవును తాతా అంటి. వాడు చెప్పేదాకా నువ్వు చెప్పాకు, వాడే వచ్చి చెప్తాడు, భయపడినాడు అంతే, నీళ్ళు మాత్రం పొయ్యనీ అన్న్యాడు."

రోజూ పొద్దున పాలు పట్టుకుపోతే తాత "చెట్టు ఎట్లుంది?" అని అడిగేవాడు. బాగుంది తాతా అనేవాణ్ణి. నాలుగు నెలలు, ఒక్క రోజు తప్పకుండా అడిగాడు. చెట్టు గురించి అడుగుతున్నాడనే అనుకున్నాను.

అక్క ఆ కాయను ఒడిలోకి తీసుకుంది.

"సంతకం పెట్టే పొద్దు కూడా చూసినా. తాత చెట్టు, తాత చెట్టు అంటాంటివి. ఈ పొద్దన్నా చెప్తాడేమో అనుకుంటి. నువ్వు పెన్ను తీసి ఇస్తివి."

"మరి ఎందుకు పెట్టినావక్కా?"

"చెప్పాకు అన్న్యాడు తాత. సంతకం పెట్టాకు అనలేదు గదా."

నవ్విందో లేదో తెలియదు, ఆపరేషన్ అయిన కన్ను ఎప్పుడూ కొంచెం నవ్వుతున్నట్టే ఉంటుంది. గంప నువ్వే మోసుకురా అని ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. పళ్ళ కోసం కాదు. ఏటా వసారాలో ఒక గంట నా ఎదురుగా కూర్చుని చూసేది. నేను ఆ గంటా ఏదో ఒక కథ చెప్పి బస్సు వేళైందని లేచేవాణ్ణి.

అర్జీలో నీ పేరే రాయిస్తానన్నాను. అక్క చెయ్యి అడ్డంగా ఊపింది.

"చెట్టుకు పేరు తాతదే ఉండనీ. నేను గింజ పెట్టినా, నీళ్ళు పోసినా, ఆ మాట రాయండి. గింజ యాడిదో రాయండి. మా అత్త గట్టు మీది చెట్టు. రోడ్డు ఏసేటప్పుడు కొట్టేసినారు. ఆమె పేరన్నా ఒక కాగితం మీద ఉండనీ." ఆగి, మళ్ళీ అంది. "ఒక మొక్క కట్టి తెచ్చియ్యి. గట్టు మీద పెడతా. నువ్వే కట్టల్ల. ఆ పిల్ల చేత కట్టియ్యాకు."

చేతులు వణుకుతున్నాయి అక్కా అన్నాను.

"వణకనీ" అంది.

మే 21

ప్రమోదకు చెప్పాను. అంతా. ఒంటెతో సహా.

చేతిలోని పుస్తకం మూసింది. తర్వాత, "ఆ గాటు?" అంది. నేనే అన్నాను.

"పురుగు కోసం వారం వెతికినా తాతా" అంది. లేచి వెళ్ళిపోయింది.

మే 23

మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తోంది. మాట్లాడకపోయినా రెండోసారి చారు పోస్తుంది.

మే 25

పొద్దున తన పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. 'తాతగారిది సన్నని చేతిపని' అన్న మాట మీద గీత కొట్టింది. పెన్ను నా చేతికిచ్చి, అవ్వ అత్తగారి పేరు ఏమిటి అని అడిగింది. నాకు తెలియదు. అరవై ఏళ్ళ బంధుత్వంలో నేనెన్నడూ అడగలేదు. ఫోను చేసి కనుక్కున్నాం. గంగులమ్మ.

జూన్ 12

నాగరాజ్ వచ్చాడు. కాయ కొలిచాడు, టెంక కొలిచాడు, తిన్నాడు. కాసేపు కొలవడం మరచిపోయి ఇంకోటి తిన్నాడు. చెట్టు కింద కూర్చున్నాక చెప్పమన్నాడు.

మిట్టేమరిలో గంగులమ్మ అనే ఆమె గట్టు మీద ఒక మామిడి ఉండేది. దాని టెంకలను మా అక్క మునిరత్నమ్మ కుండల్లో పెట్టి పెంచింది. వాటి మీద మా తాత అంటు కట్టాడు, నా నిర్లక్ష్యం వల్ల అంటు చచ్చి కింది మొక్క పెరిగింది. ఈ చెట్టు అదే.

నాలుగు వాక్యాలు. ఇన్నాళ్ళు గంటసేపు చెప్పిన కథ ఇంతే. ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు నాగరాజ్. లేదన్నాను.

"గింజ చెట్టు అయితే ఇంకా మంచిదప్పా. ఇట్లాంటిది ఇంకోటి యాడా లేనట్టే లెక్క. ఇది మార్చిలోనే చెప్పింటే ఆ గడి అప్పుడే నిండుతుండె గదా" అన్నాడు.

ప్రమోద నా వైపు చూడలేదు. మర్యాద.

జూన్ 15

కొడుకు పురుషోత్తమ్ బడిలో పాఠం చెబుతాడు, తోట సంగతి పట్టించుకోడు. ఈ రోజు పట్టించుకున్నాడు. కథను పళ్ళ పెట్టెల మీద కూడా అచ్చు వేయించాం కదా నాయనా, జనం ఆ కథను చూసే కొంటున్నారు, ఇప్పుడు ఆ పెట్టెలేం చేస్తాం అన్నాడు. అంతటితో ఆగలేదు. అత్త ఇచ్చిన సంతకం మీద అత్త కొడుకులు రేపు మళ్ళీ మాట ఎత్తితే అన్నాడు.

ఎత్తితే వింటాం అన్నాను. పెట్టెలు అయిపోయేదాకా వాడదాం అన్నాను. రెండోది ధైర్యమో లోభమో నాకే తెలియదు.

జూన్ 27

అర్జీ పోయింది. పైన రాసినదంతా నిజమని సంతకం పెట్టాను.

జూన్ 29

నాగరగెరెలో పెళ్ళి. భోజనాల దగ్గర తాతంటు కథ చెప్పమన్నారు. కొత్తది చెప్పాను. నాలుగు వాక్యాలు అయ్యేసరికి ఆకులో సాంబారు కూడా చల్లారలేదు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. "ఆమేన?" అన్నాడొకాయన. ఆ తర్వాత ఇంకేమీ లేదన్నాను. ఓళిగ ఒక్కటే వచ్చింది.

జూలై 3

అక్కకు ఐదు కట్టాను. ప్రమోద పద్ధతిలోనే, లేత మొక్కను చీల్చి రెమ్మను దించి, పాలిథిన్ పట్టీ చుట్టి. ఆమె పక్కన కూర్చుంది, చెయ్యి పెట్టలేదు. ఒక్కొక్కదానికి అరగంట పట్టింది. మునికృష్ణప్ప తాత ఆ సమయంలో ఇరవై కట్టేవాడట. అలా అని నేనే చెప్పేవాణ్ణి. నిజంగా ఎన్ని కట్టేవాడో తెలియదు.

జూలై 16

రెండు పోయాయి.

జూలై 24

ఇంకొకటి.

జూలై 30

రోజూ పొద్దున పాలు తాగకముందే పోయి అతుకు కింద చూస్తున్నాను. ప్రమోద నీళ్ళు పోస్తూ, చెట్టు ఎట్లుంది తాతా అంది. ఊరికే అడిగింది. వంగి రెండింటినీ మళ్ళీ చూశాను. ఒకటి బాగుంది, ఇంకోటి సందేహం అని చెప్పాను.

ఆగస్టు 3

సందేహంగా ఉన్నది పోయింది.

ఆగస్టు 7

మిగిలింది ఒక్కటి. ఈ పొద్దు దాని పై ఆకులు వాలి ఉన్నాయి. అతుకు కింద ఎర్రటి చిగురు, చిటికెనవేలి గోరంత. ఆకు పెద్దదయ్యాక నలిపితే పచ్చి పసుపు వాసన వస్తుందో, ఇంకేదో వస్తుందో. బొటనవేలితో గిల్లేశాను. మోకాళ్ళ మీద నుంచి లేవడానికి ఇంతకు ముందు కంటే ఎక్కువసేపు పట్టింది.

ప్రమోదను పిలిచి మిట్టేమరికి ఫోను కలపమన్నాను.

"అక్కా, పై రెమ్మ వాలింది. కింద చిగురు వచ్చింది. బతుకుతుందో లేదో తెలీదు."

అటు నుంచి కోళ్ళ శబ్దం వినబడింది.

"ఎప్పుడొచ్చింది?" అంది.

"ఇప్పుడే. ఇంకా పాలు కూడా తాగలేదు."

"సరే. నీళ్ళు పొయ్యి" అంది అక్క.

పోశాను.